చిన్నా పెద్దా అందరికీ ఒకటే సాఫ్ట్‌వేర్ అంటే ఎలాగండీ?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ బిజినెస్ పేజీలో సరుకు రవాణా, గోడౌన్ల నిర్వహణ మీద పెద్ద వ్యాసం వేశారు. బాగానే రాశారు, బొమ్మలు కూడా బాగున్నాయి, కాకపోతే చిన్నా పెద్దా తేడా లేకుండా ప్రతి వ్యాపారం అర్జెంటుగా డిజిటల్ లాజిస్టిక్స్‌కి, అంటే సరుకు లెక్కలూ బండ్ల రూట్లూ అన్నీ సాఫ్ట్‌వేర్‌తో నడపడానికి, మారిపోవాల్సిందే అన్న మాట దగ్గర నాకు బ్రేక్ పడింది, ఎందుకంటే ఆ చిన్నా పెద్దా తేడాలోనే అసలు కథంతా ఉంది, దాన్ని తీసేస్తే మిగిలేది సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ల కరపత్రమే.

నేను 22 ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నా. మొదట నలుగురం పనిచేసే చోట, లెక్కంతా ఒక పొడుగు నోటుబుక్కులో. తర్వాత రెండు గోడౌన్లు, ఎనిమిది బండ్లు ఉన్న ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర డిస్పాచ్, అంటే సరుకు బండ్లకెక్కించి పంపే పని, చూశా. ఇప్పుడు ఒక పెద్ద కంపెనీలో, ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఒప్పుకోకపోతే గోడౌన్ తలుపు కూడా తెరుచుకోదు. పేర్లు చెప్పను, మూడు చోట్లా మంచివాళ్లే. నేను చెప్పొచ్చేది ఏంటంటే టూల్ కొనేముందు చూడాల్సింది అది ఎన్ని పనులు చేస్తుందా అని కాదు, సరుకు కదిలిన ఆ నిమిషంలో దాని లెక్క ఎవరి చేత్తో, ఎక్కడ నిలబడి ఎక్కిస్తారు అన్నది. దానికి జవాబు లేనప్పుడు ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ పెట్టినా కాకిలెక్కలే, కాకపోతే రంగురంగుల గ్రాఫుల్లో కనపడతాయి.

చిన్నవాళ్ల సంగతి ముందు చెప్తా. రోజుకి పది పదిహేను ఆర్డర్లు, ఒక బండి, సరుకంతా తలుపు దగ్గర నిలబడితే కనపడే ఒక గది. వీళ్లకి గోడౌన్ సాఫ్ట్‌వేర్ అమ్మడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. ఒక షేర్డ్ షీట్, ఫోన్‌లో ఒక గ్రూపు, డెలివరీ అయ్యాక సంతకం పెట్టిన కాగితానికి ఒక ఫొటో, చాలాకాలం ఇవి చాలు. అయితే షీట్ వాడేవాళ్లు కొన్ని దెబ్బలు తింటారు, వాటి గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు కాబట్టి నేను తిన్నవి చెప్తా. మా దగ్గర ఐటమ్ కోడ్ 0451 అని ఉండేది, ఎక్సెల్ ముందున్న సున్నా మింగేసి 451 చేసేది. 3-12 అని కోడ్ కొడితే తేదీ అనుకుని మార్చేసేది. ఇవన్నా కంటికి కనపడతాయి, కనపడనిది ఇంకోటుంది: ఎక్సెల్ ఏ అంకెనైనా 15 స్థానాల వరకే గుర్తుంచుకుంటుంది, ప్యాలెట్ (పెట్టెలు పేర్చి కదిపే బల్ల) మీద అంటించే లేబుల్ నంబరేమో 18 అంకెలు, దాన్ని మామూలు గడిలో కొడితే చివరి మూడూ సున్నాలైపోతాయి, వరసగా వచ్చిన వంద ప్యాలెట్లకీ ఒకటే నంబర్ పడుతుంది. ఏ ప్యాలెట్ ఎక్కడుందో వెతుక్కుంటూ ఒక రాత్రంతా కూర్చున్నాం. మందు చాలా చిన్నది, నంబర్లు ఎక్కించకముందే ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చుకోవడం. ఈ ఒక్కటి ఎవరన్నా ముందే చెప్పుంటే ఆ రాత్రి నిద్రపోయేవాణ్ణి.

ఇంకోటి, ఒక వస్తువుకి ఒక్కటే పేరు. మాది బేరింగుల సరుకు, 6203 అనేది చాలా మామూలు సైజు, లోపలి రంధ్రం 17 మిల్లీమీటర్లు, బయట 40, మందం 12. ఇందులో రెండు వైపులా రేకు మూత ఉన్నది జెడ్‌జెడ్, రబ్బరు సీలు ఉన్నది టూఆర్‌ఎస్. మా షీట్‌లో ఒకడు ఉత్త 6203 అని, ఇంకొకడు జెడ్‌జెడ్ కలిపి, మరొకడు మధ్యలో స్పేస్ ఇచ్చి ఎక్కించేవాళ్లు, కంప్యూటర్ లెక్కన అవి మూడు వస్తువులు. ఒక పేరు కింద స్టాక్ అయిపోయిందని కొత్తగా ఆర్డర్ పెట్టేవాళ్లం, ఇంకో పేరు కింద అదే సరుకు దుమ్ము పట్టి ఉండేది. ఐటమ్ లిస్టు ఎవరు పడితే వాళ్లు పెంచకుండా ఒక్కరి చేతిలో పెట్టుకుంటే ఈ బాధ సగం తగ్గుతుంది, పైసా ఖర్చు లేదు. ఈ లిస్టు శుభ్రం చేసుకోకుండా పెద్ద సాఫ్ట్‌వేర్‌కి వెళ్తే ఆ చెత్తంతా మీతోపాటే కొత్తింటికి వస్తుంది.

ఇక మధ్యస్థం వాళ్లు. అసలు నలిగిపోయేది వీళ్లే అని నా నమ్మకం, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తా, ఓపిక పట్టండి.

ఆ రెండు గోడౌన్ల చోట మా ఓనర్ గారు ఎక్కడో డెమో చూసి ఒక పెద్ద ఈఆర్పీ కొన్నారు. కొనుగోలు, అమ్మకం, స్టాకు, అకౌంట్లు, జీతాలు అన్నీ ఒకే దాంట్లో. మూడు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు, అది కూడా ఆఫీసులో ఏసీ కింద కూర్చునేవాళ్లకి. గోడౌన్‌లో పెట్టెలు మోసేవాళ్లని ఎవరూ పిలవలేదు. దాంతో ఏం జరిగిందంటే వాళ్లు ఎప్పట్లాగే చీటీల మీద రాసేవాళ్లు, ఆ చీటీలన్నీ సాయంత్రం ఆఫీసుకొచ్చేవి, ఒక కుర్రాడు రాత్రి పదింటిదాకా కూర్చుని కొట్టేవాడు. అంటే పొద్దున్న వచ్చిన సరుకు సిస్టమ్‌లో రాత్రికి కనపడేది, మధ్యాహ్నం అమ్మేసిన సరుకు రాత్రిదాకా ఇంకా ఉన్నట్టే చూపించేది. సేల్స్ వాళ్లు స్క్రీన్ చూసి కస్టమర్‌కి మాట ఇచ్చేవాళ్లు, మేం ర్యాక్ దగ్గరికెళ్తే ఖాళీ. "సిస్టమ్‌లో ఉంది సార్", "ర్యాక్‌లో లేదు సార్", రోజంతా ఇదే పాట. కొన్ని ఐటమ్‌లకి స్టాకు మైనస్ 40 అని కూడా చూపించేది. సరుకు మైనస్‌లో ఉండటం ఏంటండీ, భూమ్మీద అలాంటి పెట్టె ఎక్కడైనా ఉందా? ఆరా తీస్తే తేలిందేంటంటే లోపలికొచ్చిన ఎంట్రీ పడకముందే బయటికి వెళ్లిన బిల్లు కొట్టేవాళ్లు, అలా కొట్టనిచ్చే సెట్టింగ్ ఒకటి ఎవరో ఆన్ చేసిపెట్టారు, పని ఆగకూడదని. దానికి తోడు పెట్టెలు, పీసుల గోల. సప్లయర్ 10 పెట్టెలు పంపితే ఒకడు 10 అని కొట్టాడు, సాఫ్ట్‌వేర్ 10 పీసులు అనుకుంది.

చివరికి దాన్ని దారిలో పెట్టింది కొత్త సాఫ్ట్‌వేర్ ఏమీ కాదు, మూడు హ్యాండ్ స్కానర్లు, ఒక ప్రింటరు. పెట్టె చేతిలోకి తీసుకున్నప్పుడే స్కాన్ కొట్టాలి, స్కాన్ పడకుండా గేటు దాటకూడదు, ఇదొక్కటే రూలు. బార్‌కోడ్ ఏం కొత్త సంగతి కాదు కదా, అమెరికాలో ఒహాయో రాష్ట్రం ట్రాయ్ ఊళ్లో 1974 జూన్ 26న ఒక సూపర్ మార్కెట్ కౌంటర్‌లో చూయింగ్ గమ్ ప్యాకెట్ మీద మొదటిసారి స్కాన్ కొట్టారు, యాభై ఏళ్ల పాతది. అయినా దాంట్లో ఉన్న తెలివి నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. 13 అంకెల కోడ్‌లో చివరిది కాపలా అంకె: ముందున్న 12 అంకెల్ని ఎడమ నుంచి ఒకదాన్ని ఒకటితో, పక్కదాన్ని మూడుతో హెచ్చవేసుకుంటూ పోయి కూడితే వచ్చినదాన్ని పక్క పదికి చేర్చడానికి ఎంత కావాలో అదే ఆ అంకె. ఏ ఒక్క అంకె తప్పు కొట్టినా పట్టేసుకుంటుంది. పక్కపక్క అంకెలు తారుమారైనా చాలావరకు పట్టుకుంటుంది, వాటి మధ్య తేడా సరిగ్గా 5 అయితే మాత్రం, అంటే 27 బదులు 72 అని కొట్టారనుకోండి, దాని కంట పడదు. చేత్తో టైప్ చేయొద్దు స్కాన్ కొట్టండ్రా అని మావాళ్లకి ఇది చూపించే నచ్చజెప్పా.

తర్వాత ఏడాదికోసారి గోడౌన్ మూసేసి లెక్కపెట్టడం మానేశాం, రోజూ కొన్ని ఐటమ్‌లు లెక్కపెట్టేవాళ్లం, బాగా కదిలేవీ ఖరీదైనవీ తరచుగా, మిగతావి ఎప్పుడో ఒకసారి. తేడా వస్తే అదే రోజు ఎందుకొచ్చిందో వెతకొచ్చు, ఏడాది తర్వాత వెతికితే ఎవరికి గుర్తుంటుంది. ఐదారు నెలలకి స్క్రీను, ర్యాక్ ఒకటే మాట చెప్పడం మొదలైంది. ఈఆర్పీలో మేం కొన్న భాగాల్లో సగం ఎప్పుడూ తెరవనే లేదు, వాటికి డబ్బులు మాత్రం ప్రతి ఏడాదీ కట్టాం.

బండ్ల రూట్ల సంగతి కూడా మీ వ్యాసంలో ఉంది, అది కరెక్టే, లెక్క అక్కడ మనిషి బుర్రకి మించిపోతుంది. పది చోట్ల సరుకు దించాలంటే ఏ వరసలో వెళ్లాలో 36,28,800 రకాలుగా పెట్టుకోవచ్చు, 15 చోట్లయితే అది లక్షా 30 వేల కోట్లు దాటిపోతుంది. ఈ చిక్కుముడిని డాంట్జిగ్, రామ్సర్ అనే ఇద్దరు 1959లోనే లెక్కగా రాసిపెట్టారు, పెట్రోల్ బంకులకి ట్యాంకర్లు పంపే సమస్యగా. 1964లో క్లార్క్, రైట్ ఇద్దరూ ఒక సులువు పద్ధతి చెప్పారు: రెండు చోట్లకి విడివిడిగా వెళ్లొచ్చే బదులు కలిపి వెళ్తే ఎంత దూరం మిగులుతుందో చూడు, ఎక్కువ మిగిలే జతతో మొదలుపెట్టి కలుపుకుంటూ పో. ఇది షీట్‌లో కూడా చేసుకోవచ్చు, నేను చేశా. పార్సిళ్లు చేరవేసే యూపీఎస్ కంపెనీ వాళ్లు అమెరికాలో ఒరియన్ అనే సొంత సిస్టమ్‌ని 55 వేల రూట్లకి పెట్టారు, అంత పెద్దవాళ్లకి రూటుకి ఒక్క మైలు తగ్గినా ఏడాది తిరిగేసరికి బోలెడు మిగులుతుంది. కానీ ఒకటే బండి, రోజూ అవే ఏడు చోట్లు ఉన్నవాడికి ఇందులో మిగిలేదేముంది, వాడి డ్రైవర్‌కి ఆ రూటు కళ్లు మూసుకున్నా తెలుసు.

మా ఎనిమిది బండ్లకి రూట్ సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడు మొదటి వారం డ్రైవర్లందరూ తిరగబడ్డారు. ఓనర్ గారేమో వీళ్లకి మార్పు ఇష్టం లేదన్నారు. నేను రెండు రోజులు బండిలో కూర్చుని వెళ్లా. ఒక కస్టమర్ దగ్గర మధ్యాహ్నం ఒంటిగంట నుంచి గేటు మూసేస్తారు, సాఫ్ట్‌వేర్ సరిగ్గా ఒకటీ పదికి అక్కడికి పంపుతోంది. ఇంకోచోట దింపడానికి పావుగంట వేసింది, అక్కడ ఫోర్క్‌లిఫ్ట్ లేదు, చేత్తో దింపితే గంటంబావు. మ్యాప్‌లో చూపించిన ఇంకో దారిలో వంతెన ఎత్తు మా బండికి చాలదు. ఇవన్నీ డ్రైవర్ల బుర్రల్లో ఉన్నాయి, సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించమని ఎవరూ వాళ్లని అడగలేదు, అంతే. అడిగి ఎక్కించాక అదే సాఫ్ట్‌వేర్ బ్రహ్మాండంగా పనిచేసింది, రోజూ సాయంత్రం బండ్లు ముందుకన్నా తొందరగా తిరిగొచ్చేవి. ఇక్కడే ఇంకోమాట, జీపీఎస్ పెట్టింది సరుకు ఎప్పుడొస్తుందో కస్టమర్‌కి చెప్పడానికి, డ్రైవర్ టీ తాగడానికి ఎన్ని నిమిషాలు ఆగాడో లెక్కపెట్టడానికి కాదు. మా దగ్గర ఒక మేనేజర్ అదే పని మొదలుపెట్టాడు, నెల తిరక్కముందే ఇద్దరు మంచి డ్రైవర్లు మానేశారు.

పెద్ద కంపెనీలకి ఈ బాధలుండవు, వాళ్ల దగ్గర డబ్బుంది మనుషులున్నారు అనుకుంటాం. 1999లో హెర్షీ చాక్లెట్ కంపెనీ 11 కోట్ల 20 లక్షల డాలర్లు పెట్టి కొత్త సిస్టమ్ తెచ్చుకుంది, నాలుగేళ్లు పట్టే పనిని రెండున్నరేళ్లకి కుదించి, ఏడాది మొత్తంలో ఆర్డర్లు బాగా ఎక్కువ వచ్చే హాలోవీన్ పండగ ముందు మొదలుపెట్టారు, సరుకు ఉండి కూడా దాదాపు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు పంపలేకపోయారు. టార్గెట్ అనే అమెరికా స్టోర్ల కంపెనీ 2013లో కెనడాకి వెళ్లి 133 స్టోర్లు పెట్టి 2015లో అన్నీ మూసుకుని వచ్చేసింది. దానికి కారణాలు చాలా ఉన్నాయిగానీ, అందులో ఒకటి మా 6203 గోల లాంటిదే: ఐటమ్‌ల కొలతలు సెంటీమీటర్లలో పెట్టాల్సిన చోట అంగుళాల్లో పెట్టారు, పొడవు వెడల్పులు తారుమారు చేశారు, గోడౌన్లేమో సరుకుతో కిక్కిరిసిపోయాయి, స్టోర్లలో షెల్ఫులు ఖాళీ. చదివినప్పుడు నవ్వొచ్చింది, తర్వాత మన పని గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

వీటన్నిటికన్నా నన్ను భయపెట్టింది 2017 జూన్‌లో మెర్స్క్ షిప్పింగ్ కంపెనీకి జరిగింది. నాట్‌పెట్యా అనే వైరస్ పడి మొత్తం నెట్‌వర్క్ చచ్చిపోయింది. 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు పది రోజుల్లో మళ్లీ మొదటినుంచి పెట్టుకున్నారని ఆ కంపెనీ ఛైర్మనే తర్వాత చెప్పాడు, నష్టం పాతిక ముప్పై కోట్ల డాలర్లు. లాగిన్లన్నీ నడిపించే సర్వర్ కాపీలు ప్రపంచమంతా ఉన్నా అన్నీ ఒకేసారి పోయాయి, ఘనాలో ఉన్న ఒక్కటి మాత్రం మిగిలింది, అది కూడా ఆ టైముకి అక్కడ కరెంటు పోయి ఆగిపోయి ఉండటం వల్ల! ఆ పది రోజులూ వాళ్లు కాగితాలు, వాట్సాప్ పట్టుకుని బండి లాగించారు. నెట్ పోయిన రోజు, సర్వర్ పడిన రోజు బండి ఎలా లోడ్ చేయాలో రాసి పెట్టుకున్న కాగితం ఒకటి మీ దగ్గరుందా అని నేను ఎవరినడిగినా వింతగా చూస్తారు.

అదే కంపెనీ ఐబీఎంతో కలిసి 2018లో ట్రేడ్‌లెన్స్ అని బ్లాక్‌చెయిన్ (ఒకే లెక్క కాపీలు అందరి దగ్గరా ఉండి, ఎవరూ ఒంటరిగా మార్చలేని పద్ధతి) మీద ఒక వేదిక పెట్టింది, షిప్పింగ్ కాగితాలన్నీ అందరూ ఒకేచోట చూసుకోవచ్చని. పేపర్లన్నీ ఆహా అన్నాయి. 2022 నవంబర్‌లో మూసేస్తున్నామన్నారు, పరిశ్రమ అంతా కలిసి రాలేదని కారణం చెప్పారు. మీ వ్యాసంలో బ్లాక్‌చెయిన్ మాట నాలుగుసార్లు వచ్చింది, ఈ సంగతి ఒక్కసారి కూడా రాలేదు, అది కూడా రాసుంటే బాగుండేది.

ఇప్పుడు నా అసలు బాధకి వస్తా. పెద్దవాళ్లు డిజిటల్ అయ్యాక ఆ బరువు చిన్నవాళ్ల నెత్తిన పడుతోంది. నేను ఆ చిన్న చోట పనిచేసినప్పుడు మాకు ఐదుగురు పెద్ద కొనుగోలుదారులు ఉండేవాళ్లు, ఐదుగురికీ ఐదు పోర్టల్స్, ఐదు పాస్‌వర్డ్‌లు, ఐదు రకాల లేబుళ్లు. సరుకు బయల్దేరేముందు ఏ పెట్టెలో ఏముందో, ఏ బండిలో వస్తుందో, ఎన్నింటికి చేరుతుందో వాళ్ల పోర్టల్‌లో ఎక్కించాలి, లేదంటే గేటు దగ్గరే వెనక్కి పంపిస్తారు, లేబుల్ అంగుళం పక్కకి అంటించినా మాకిచ్చే డబ్బులో కోత. ఒకే బిల్లు సమాచారం మేం ఐదు చోట్ల ఐదు రకాలుగా కొట్టేవాళ్లం. పెద్దవాళ్ల రిపోర్టులో అదంతా ఖర్చు ఆదా కింద కనపడుతుంది, నిజానికి ఆ పని ఎటూ పోలేదు, వాళ్ల గుమాస్తా టేబుల్ మీదనుంచి మా టేబుల్ మీదకి వచ్చింది. కంప్యూటర్ కంప్యూటర్‌తో నేరుగా మాట్లాడుకునే ఈడీఐ పద్ధతి ఎప్పటినుంచో ఉంది, ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో ఎడిఫ్యాక్ట్ అని ఒక ఉమ్మడి భాష 1980ల్లోనే తయారు చేశారు, అయినా ప్రతి పెద్ద కంపెనీ దానికి తన సొంత యాస కలుపుతుంది, ఆ యాస నేర్చుకోడానికి చిన్నవాడు మళ్లీ డబ్బులు కట్టి మధ్యలో ఇంకొకణ్ణి పెట్టుకోవాలి. కొత్త పోర్టల్ ఇస్తే ఇచ్చారు, కనీసం షీట్ అప్‌లోడ్ చేసుకునే బటన్ ఒకటి పెడితే చాలు మహాప్రభో, ఒక్కో లైనూ కొట్టించకండి.

కొనాలనుకునేవాళ్లకి నాకు తెలిసింది కొంచెం చెప్పి ముగిస్తా. సేల్స్‌వాడు డెమో చూపించేటప్పుడు వాడి శాంపిల్ డేటాతో చూడకండి, మీ ఐటమ్ లిస్టులో అన్నిటికన్నా గందరగోళంగా ఉన్న 50 ఐటమ్‌లు ఇచ్చి వాటితో చూపించమనండి, ముఖం రంగు మారుతుందో లేదో చూడండి. మనిషికింతా, ఆర్డర్‌కింతా, గోడౌన్‌కింతా దేనిమీద డబ్బులు తీసుకుంటాడో ముందే అడగండి, ఎందుకంటే ఇవాళ ముగ్గురికి చవగ్గా ఉన్నది రేపు ముప్పైమందికి తడిసి మోపెడవుతుంది. మానేస్తే నా డేటా అంతా, పాత లావాదేవీలతో సహా, మామూలు ఫైల్‌లో నా చేతికిస్తావా అని రాతపూర్వకంగా అడగండి. ఓడూ, ఈఆర్పీనెక్స్ట్ లాంటి ఓపెన్ సోర్స్ (ఎవరైనా తీసుకుని వాడుకునేలా కోడ్ బయటపెట్టిన) ఈఆర్పీలు కూడా ఉన్నాయి, ఓడూలో కూడా కమ్యూనిటీ ఎడిషనే ఓపెన్ సోర్స్, దాని ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌కి డబ్బులు కట్టాలి. రూట్ల లెక్కకి గూగుల్ వాళ్ల ఓఆర్ టూల్స్, మ్యాపులకి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఉన్నాయి. మీ వ్యాసంలో బాక్స్ కట్టి వీటిని పూర్తిగా ఉచితం అన్నారు. లైసెన్సు ఉచితమే, సర్వరూ, బ్యాకప్పూ, అర్ధరాత్రి ఆగిపోతే లేచి చూసే మనిషీ ఉచితం కాదు కదండీ. ఆ మాట కాస్త సవరిస్తే బాగుంటుంది, ఆ బాక్స్ చూసి మా పాత చోటి ఓనర్ గారు నాకు అప్పుడే ఫోన్ చేశారు, ఉన్నదంతా పీకేసి దీనికి మారిపోదామా అని.

ఉత్తరం పెద్దదైపోయింది, మీకు చోటుండదని తెలుసు. కత్తిరించాల్సి వస్తే ఎక్సెల్ గోల తీసేయండి, షిప్పింగ్ కంపెనీ కథ కూడా తీసేయండి, ఆ ఐదు పోర్టల్స్ ముక్క మాత్రం దయచేసి ఉంచండి.

ఇట్లు,
డిస్పాచ్ పని చూసుకునే మీ పాఠకుడు